విదేశీ ఏటీఎంలో క్రెడిట్ కార్డు: వడ్డీ ఏనాటి నుంచి?

క్రెడిట్ కార్డు బకాయిపై ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని జాతీయ వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ 2008 జూలైలో తీర్పు చెప్పింది. బ్యాంకులు అప్పీలుకు వెళ్లడంతో ఆ హద్దు కాగితం దాటి ఆచరణలో నిలవలేదు. చివరకు 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కార్డు ఒప్పందంలోని షరతులను తిరగరాసే అధికారం కమిషన్‌కు లేదనీ, వడ్డీ రేటు బ్యాంకులకూ రిజర్వు బ్యాంకుకూ సంబంధించిన విషయమనీ, కార్డు పుచ్చుకున్నవారు తమ హక్కులూ బాధ్యతలూ తెలిసినవారేననీ అత్యున్నత న్యాయస్థానం భావించింది. మొదటి రెండు మాటలు న్యాయశాస్త్రానికి సంబంధించినవి. మూడవ మాట మాత్రం సామాన్య పాఠకుణ్ణి ఆలోచింపజేస్తుంది. షరతులు తెలిసి కార్డు పుచ్చుకున్నవారు ఎందరు?

ఈ ప్రశ్న విదేశయానం చేసేవారి విషయంలో మరింత పదునెక్కుతుంది. హోసూరు నుంచో, బళ్లారి నుంచో, బరంపురం నుంచో అమెరికాలోని బిడ్డల వద్దకు బయలుదేరే తల్లిదండ్రులు నేడు కొత్త కాదు. యానాం నుంచి ఫ్రాన్సుకు సాగే రాకపోకలు అంతకన్నా పాతవి. టిక్కెట్టూ వీసా పిల్లలు చూసుకుంటారు. పెద్దల చేతిలో పింఛను ఖాతా ఉన్న బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ కార్డు ఒకటి ఉంటుంది. నగదు అవసరపడిన రోజున దానిని అక్కడి ఏటీఎంలో పెట్టి డాలర్లు తీస్తారు. బిల్లు వచ్చాక కడితే 45, 50 రోజుల వరకు వడ్డీ ఉండదు గదా అనే ధీమా వారిది.

పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. ఆ గడువు వస్తువుల కొనుగోలుకే గాని నగదుకు వర్తించదు. ఏటీఎం నుంచి నోట్లు బయటికి వచ్చిన రోజు నుంచే వడ్డీ మొదలై, తిరిగి జమ పడేవరకు రోజువారీగా నడుస్తుంది. రేటు కార్డును బట్టి మారుతుంది. నెలకు మూడు, మూడున్నర శాతం సర్వసాధారణం. మన పల్లెల లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణే ఊరు ధర్మాత్ముడిగా చూడదు. కార్డు వడ్డీ మాత్రం ఎవరి నోటా వినబడక, బిల్లులో చిన్న అక్షరాలలో కూర్చుంటుంది.

ఉదాహరణకు 500 డాలర్లు తీశారనుకుందాం. లెక్క సౌలభ్యం కోసం డాలరు 90 రూపాయలు అనుకుంటే అది 45,000 రూపాయలు. విదేశీ లావాదేవీపై బ్యాంకులు సాధారణంగా వేసే మార్కప్ 3.5 శాతం చొప్పున 1,575 రూపాయలు. నగదు తీసినందుకు ప్రత్యేక రుసుము 2.5 శాతం చొప్పున 1,125 రూపాయలు. ఈ రెంటిపై 18 శాతం జీఎస్టీ 486 రూపాయలు. వెరసి తొలిరోజునే 3,186 రూపాయలు మీద పడ్డాయి. బిల్లు గడువు చూసుకొని 40 రోజులకు కడితే నెలకు మూడున్నర శాతం వడ్డీ 2,071 రూపాయలు, ఆ వడ్డీపై జీఎస్టీ మరో 373. మొత్తం అదనపు భారం 5,630 రూపాయలు. అంటే 40 రోజుల చేబదులుకు పన్నెండున్నర శాతం సమర్పించుకున్నట్లు. అక్కడి ఏటీఎం యజమాని పుచ్చుకునే రుసుము దీనికి అదనం.

ఇదే సొమ్మును మూడవ రోజునే కార్డుకు జమ చేస్తే వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపి 183 రూపాయలతో పోతుంది. కనుక వడ్డీ తప్పించుకునే మార్గం బిల్లు కోసం ఎదురుచూడకుండా వెంటనే కట్టివేయడమే. ఖాతా నుంచి దానంతటదే చెల్లింపు జరిగే ఏర్పాటు ఉన్నది గదా అని ఊరుకోవడం ఇక్కడ పనికిరాదు. ఆ ఏర్పాటు గడువు తేదీనాడు గాని కదలదు. ఆలోగా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పాత బిల్లు బకాయి ఉన్న కార్డుతో నగదు తీయడం మరీ ప్రమాదం. పాత బకాయి నిలిచి ఉంటే కొనుగోళ్లకు ఉన్న వడ్డీలేని గడువు సైతం రద్దవుతుంది. ఆపైన, కట్టిన సొమ్ము ముందు ఏ పద్దుకు జమ పడుతుందన్నది బ్యాంకు నిబంధనను బట్టి ఉంటుంది.

చెప్పడం సులభమే. అమెరికాలో కూర్చుని వెంటనే కట్టాలంటే ఇక్కడి ఫోను నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. బయలుదేరే ముందు రోమింగ్ పెట్టించుకోని సిమ్ముకు ఆ సందేశం చేరదు. ఆ నంబరు గల ఫోనును ఇంట్లో మనవడికి అప్పగించి వెళ్లే పెద్దలూ ఉన్నారు! ఖాతాలో డబ్బు ఉండీ కట్టలేక వడ్డీ పాలయ్యే విచిత్ర పరిస్థితి ఇది.

ముందుగానే కార్డులో అదనంగా సొమ్ము జమ చేసుకొని వెళితే ఎలా ఉంటుందన్న ప్రశ్న కొందరికి తోచవచ్చు. అప్పు లేనిచోట వడ్డీ లేదన్న తర్కం సరైనదే. అయితే మార్కప్పూ నగదు రుసుమూ అప్పటికీ తప్పవు. పై లెక్కలో పెద్ద వాటా ఆ రెంటిదేనని గమనించాలి. పైగా అదనపు జమను ఎంతవరకు అనుమతించేదీ బ్యాంకు ఇష్టం. ‘మార్కప్ లేదు’ అని ప్రచారం చేసుకునే కార్డులలోనూ నగదుపై రుసుము, తొలిరోజు నుంచి వడ్డీ ఉన్నవీ లేనివీ విడిగా చూసుకోవలసిందే.

అందుచేత వడ్డీ తగ్గించుకోవడం కన్నా క్రెడిట్ కార్డుతో నగదే తీయకుండా ఉండటం మేలు. అందుకు సాధనాలు లేకపోలేదు. డాలర్లు ముందే నింపుకొనే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు మన సొమ్మే కనుక వడ్డీ ప్రసక్తి ఉండదు. ఒక్కో విత్‌డ్రాకు సాధారణంగా రెండు మూడు డాలర్ల రుసుము ఉంటుంది. డెబిట్ కార్డుకూ వడ్డీ లేదు, మార్కప్పూ రుసుమూ ఉంటాయి. కొద్దిపాటి నోట్లు వెంట తీసుకుపోవచ్చు. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు విదేశీ నోట్లను రిజర్వు బ్యాంకు అనుమతిస్తున్నది. మన సరిహద్దు పట్టణాలవారికి ఇబ్బంది వేరే ఉంది. విదేశీ మారకం అమ్మే అధీకృత శాఖలు చిన్న ఊళ్లలో అరుదు. బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం వంటి నగరాలకు ఒక పూట ముందుగా పోవాలి, లేదా విమానాశ్రయంలోని కౌంటర్ల రేటుకు తలవంచాలి. ఆ శ్రమకు వెరచి ‘కార్డు ఉందిలే’ అని సాగిపోయేవారే పై లెక్కలో చిక్కుకుంటున్నారు.

పన్ను గురించిన అపోహ ఒకటి ఈ ధోరణికి తోడైంది. విదేశాలలో క్రెడిట్ కార్డు ఖర్చును ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల రెమిటెన్సు పరిమితిలోకి తెస్తూ కేంద్రం 2023 మే 16న ఉత్తర్వు వెలువరించింది. గగ్గోలు రేగడంతో జూన్ 28న దాని అమలును వాయిదా వేసింది. ఫారెక్స్ కార్డులో నింపే సొమ్ము మాత్రం ఆ పరిమితిలోనే ఉంది. దీనితో క్రెడిట్ కార్డు వాడితే పన్ను లేదు, ఫారెక్స్ కార్డుకు టీసీఎస్ పడుతుంది అన్న మాట వ్యాపించింది. వాస్తవానికి ఆ టీసీఎస్ హద్దును 2025 ఏప్రిల్ 1 నుంచి 7 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచారు. బిడ్డ ఇంట్లో మూడు నెలలు ఉండి వచ్చే దంపతుల చేతిఖర్చు అంత ఎక్కడ అవుతుంది? ఒకవేళ పడినా ఆ మొత్తం ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటయ్యేదే. వడ్డీ అలా తిరిగి వచ్చేది కాదు.

మరో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. విదేశీ ఏటీఎం గాని దుకాణం గాని ‘రూపాయలలో లెక్కించమంటారా’ అని అడుగుతుంది. మన రూపాయి కనబడగానే ప్రాణం లేచి వచ్చి సరేనంటాం. ఆ మార్పిడి రేటు వారు కట్టినది, తరచు నష్టదాయకం. అక్కడి కరెన్సీనే ఎంచుకోవాలి. రెండవది, డబ్బు మార్పిడి కౌంటరులో క్రెడిట్ కార్డు గీసి కరెన్సీ కొన్నా, ఏటీఎం ముఖం చూడకపోయినా, పలు బ్యాంకులు దానిని నగదు కిందనే జమకట్టి వడ్డీ వేస్తాయి.

పొరపాటుకే తావు లేకుండా చేసే తాళం ఒకటి కార్డుదారు చేతిలోనే ఉంది. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోనే పనిచేస్తుంది. విదేశీ వాడకాన్ని కార్డుదారే తెరవాలి. ఏటీఎంకు, దుకాణానికి, ఆన్‌లైన్‌కు వేర్వేరుగా తెరిచే, మూసే, పరిమితి పెట్టే వీలుంది. హోటలు డిపాజిట్టుకూ కొనుగోళ్లకూ విదేశీ వాడకాన్ని తెరిచి, ఏటీఎంను మాత్రం మూసి ఉంచితే సరిపోతుంది. బయలుదేరే హడావుడిలో పిల్లలు ఫోనులో అన్నింటినీ ఒకేసారి తెరిచిపెట్టడమే సాధారణంగా జరుగుతున్నది.

ఇక కోర్టు అన్న ‘తెలిసే’ అనే మాట. కార్డు షరతులు తేలిక భాషలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో ఉండాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీ చేసిన ఆదేశాలు చెప్పాయి. హోసూరులో స్థానిక భాష అంటే తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. తరాలుగా అక్కడ ఉంటూ తెలుగు మాత్రమే చదవగల గృహిణికి ఆ కాగితం మూడు భాషలలో ఉన్నా మూగదే. అదే బ్యాంకుకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ శాఖలున్నప్పుడు తెలుగు ప్రతిని సరిహద్దు ఇవతల అందించడం అసాధ్యమేమీ కాదు. అడిగినవారు లేరు గనుక ఇచ్చినవారూ లేరు. నగదుపై వడ్డీ ఏ రోజు నుంచి, రుసుము ఎంత, జమ ఏ పద్దుకు ముందు అనే మూడు ప్రశ్నలకు ప్రయాణానికి ముందే బ్యాంకును లిఖితపూర్వకంగా జవాబు కోరాలి. బిల్లుపై ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు. అటువంటి ఫిర్యాదుకు ఆ లిఖిత జవాబు ఆధారంగా నిలుస్తుంది.