చేట దించినట్టే... రెక్క తిప్పాలి!

గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలంటారు పెద్దలు. యంత్రాలు రాకముందు దుమ్ముగూడెం, చర్ల పల్లెల కళ్లాల్లో రైతులు చేసిందీ అదే. గాలి పలచగా ఉంటే చేట పైకెత్తేవారు. జోరందుకుంటే కిందికి దించేవారు. లేకపోతే తాలుతోపాటు గింజలూ కొట్టుకుపోతాయి మరి! కోట్ల రూపాయల గాలిమర చేసే పనీ ఇంచుమించు ఇదే.

గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. రెక్కల మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. శక్తి కావాలి, ఒత్తిడి వద్దు. ఇంజినీర్లకు అసలు పరీక్ష ఇక్కడే.

పాత మరల్లో చాలావాటికి రెక్కలు కదలకుండా బిగించి ఉండేవి. గాలి మరీ పెరిగితే రెక్క ఆకారం వల్లే పట్టు తప్పి, జోరు తగ్గేది. డెన్మార్క్‌లోని గెడ్సర్‌లో 1957లో యోహానెస్ యూల్ నిలిపిన 200 కిలోవాట్ల మర ఈ కోవలోదే. ఇప్పటి పెద్ద మరల్లో రెక్క మొదట్లో దాన్ని తిప్పే ఏర్పాటు ఉంటుంది. గాలి హద్దు దాటగానే రెక్క కొద్దిగా పక్కకు తిరుగుతుంది. సాధారణంగా గంటకు 90 కిలోమీటర్ల వేగం దాటితే పూర్తిగా తిరిగి, గాలికి అంచు మాత్రమే చూపిస్తుంది. మర ఆగిపోతుంది.

పైనొక గాలి... కిందొక గాలి

అంతటితో చిక్కు తీరదు. నేలకు దగ్గర్లో గాలి నెమ్మది, పైన జోరు. దాంతో రెక్క పైకెళ్లినప్పుడు ఎక్కువ వంగుతుంది, కిందికొచ్చినప్పుడు సర్దుకుంటుంది. నిమిషానికి 15 చుట్ల చొప్పున ఆగకుండా తిరిగితే 20 ఏళ్లలో 15 కోట్లకు పైగా వంపులు! తీగను అటూ ఇటూ వంచుతూ పోతే పుటుక్కున తెగదూ? అమెరికాలోని వెర్మాంట్ కొండ మీద 1941లో మొదలైన 1,250 కిలోవాట్ల స్మిత్-పుట్నం మరకు అదే జరిగింది. 1945 మార్చి 26న దాని రెక్క మొదలంటా విరిగి ఎగిరిపడింది.

దీనికి విరుగుడు... మూడు రెక్కలనూ ఒకేలా కాకుండా దేన్నిబట్టి దాన్ని తిప్పడం. ఎంత వంగుతోందో రెక్క మొదట్లోని సెన్సార్లు చెబుతాయి. కంప్యూటర్ ప్రతి చుట్టులోనూ కోణం మారుస్తుంది. ఎర్విన్ బోసాన్యీ 2003లో ప్రచురించిన పరిశోధన ఈ దారిలో పేరున్నది. అయితే ఊరికే రాదు. అస్తమానం తిప్పడంతో బేరింగులు, మోటార్లు త్వరగా అరుగుతాయి.

మరి మన దగ్గర?

ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి కొండల మీద 1990ల్లోనే మరలు తిరిగాయి. ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. తెలంగాణది సుమారు 128 మాత్రమే. ఖమ్మం, భద్రాచలం వైపు కరెంటు అంటే పాల్వంచ, మణుగూరు పొగగొట్టాలే గుర్తొస్తాయి.

గాలి తక్కువున్న చోట పొడవాటి రెక్క కావాలి. రెక్క పెరిగితే బరువూ, వంపూ పెరుగుతాయి. పైగా అడవి అంచున చెట్లకు తగిలిన గాలి సుడులు తిరుగుతూ రెక్కను మరింత కుదుపుతుంది. కాబట్టి ఇలాంటి చోట మర నిలబెట్టాలంటే రెక్క తిప్పే విద్యే ప్రాణం. కానీ ఆ విద్య ఉన్న గాలిని మచ్చిక చేస్తుందే తప్ప లేని గాలిని పుట్టించదు. కొండ మీదికి రోడ్డు వేసి, చెట్లు కొట్టేముందు గాలి లెక్క తేలాలి.

గాలి లేని కళ్లంలో చేట ఎంత తిప్పినా తాలు ఎగరదు!