వేగంతో పాటు పొదుపూ కావాలి

సత్తెనపల్లి దగ్గరి పల్లెలో ఒక రైతు 43 మిర్చి టిక్కీలను కల్లం నుంచి కోల్డ్ స్టోరేజికి చేర్చాలనుకోండి. మోటారు సైకిలు మీద ఒక్కొక్కటే తీసుకెళ్తే 43 సార్లు తిరగాలి. ఎనిమిది పట్టే ట్రాలీ ఆటో అయితే అయిదు విడతల్లో 40 చేరతాయి. మిగిలిన మూడింటి కోసం మోటారు సైకిలును కూడా ఉంచుకోవాలా? లేక ఆటోనే, కొంత చోటు ఖాళీగా ఉన్నా సరే, ఇంకోసారి పంపాలా?

కంపైలర్‌కు నిత్యం ఎదురయ్యే చిక్కు ఇదే. మనం రాసిన ప్రోగ్రామ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే భాగం లూప్. 43 జతల సంఖ్యలను కూడమంటే మామూలు లూప్ 43 సార్లు తిరుగుతుంది. ఎనిమిది జతలను ఒకే ఆదేశంతో కూడగల ప్రాసెసర్లు ఇప్పుడు ఉన్నాయి. లూప్‌ను అందుకు తగినట్టు మార్చడమే వెక్టరైజేషన్.

వేగం పెరుగుతుంది, సంతోషమే. మరి ఖర్చు మాటేమిటి? మిగిలిన మూడు జతల కోసం కంపైలర్ పాత లూప్‌ను కూడా అట్టే పెడుతుంది. సంఖ్యల పట్టికలు మెమరీలో ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయేమో చూసే పరీక్షలు చేరుస్తుంది. ఇంకా వేగం కోసం ఎనిమిదేసి కూడే ఆదేశాలనే మళ్ళీ మళ్ళీ పేరుస్తుంది. చిన్న లూప్ కాస్తా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ లూప్ అయిదుసార్లే తిరిగేదైతే, ఎనిమిదేసి కూడే భాగానికి పనే ఉండదు. ఉత్త బరువు!

"మెమరీ చవకైపోయింది కదా, ఈ పిసినారితనం ఎందుకు?" అనేవారున్నారు. నేను ఒప్పుకోను. చవకైనది పెద్ద మెమరీ. ప్రాసెసర్ తన పక్కనే ఆదేశాలను దాచుకునే క్యాష్ చాలా చిన్నది. ఎన్నో ప్రాసెసర్లలో అది 32 కిలోబైట్లే. ఆదేశాలు అందులో పట్టకపోతే దూరపు మెమరీ నుంచి తెచ్చుకోవాలి. అంతసేపూ ప్రాసెసర్ కాచుకు కూర్చోవలసిందే. అంటే వేగం కోసం పెంచిన ఆదేశాలే వేగాన్ని మింగేయవచ్చు! ఇక మీ ఇంట్లోని తక్కువ ధర ఫోన్‌ను తలచుకోండి. చోటు చాలక ఫొటోలు చెరిపేసే అవస్థకు ఇదొక్కటే కారణం కాదు గాని, ఉబ్బిన ప్రోగ్రాములకూ అందులో వాటా ఉంది.

మార్గం లేకపోలేదు. చివరి విడతలో ఎనిమిది గడులలో మూడింటినే పనిచేయించి, అయిదింటిని నిద్రపుచ్చవచ్చు. దీన్ని మాస్క్ అంటారు. అప్పుడు పాత లూప్ అక్కర్లేదు. ఆర్మ్ సంస్థ 2016లో ప్రకటించిన ఎస్.వి.ఇ. ఆదేశాలు, 2021లో ఖరారైన రిస్క్-ఫైవ్ వెక్టర్ ఆదేశాలు ఇందుకు అనువైనవి. ఈ వసతి లేని ప్రాసెసర్లలో కంపైలరే లాభనష్టాలు బేరీజు వేయాలి. 2022లో వచ్చిన జి.సి.సి. 12లో మంచి నియమం పెట్టారు: సాధారణంగా వాడే 'ఓ2' స్థాయిలో, పాత లూప్‌ను పూర్తిగా తొలగించగలిగితేనే వెక్టరైజేషన్.

ఈ ఆలోచన మన దగ్గరా సాగుతోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2022లో 'పోసెట్-ఆర్.ఎల్.' అనే పద్ధతిని ప్రచురించారు. కంపైలర్ తన మార్పులను ఏ వరుసలో చేస్తే ప్రోగ్రామ్ పరిమాణమూ, నడిచే సమయమూ రెండూ తగ్గుతాయో యంత్రమే నేర్చుకునే పద్ధతి అది. ఒక్క వేగాన్నే చూడకుండా రెండు కొలతలనూ పక్కపక్కనే పెట్టడం నాకు నచ్చింది.

లక్షలసార్లు తిరిగే లూప్‌కు ధారాళంగా చోటివ్వండి. పదిసార్లు తిరిగేదానికి అంత ఆర్భాటం ఎందుకు?

విద్యార్థులారా! మీ బడిలో కంప్యూటర్ ఉంటే ఒకే ప్రోగ్రామ్‌ను 'ఓ3' తోనూ, పరిమాణం తగ్గించే 'ఓఎస్' తోనూ కంపైల్ చేయించండి. ఎంత సేపు నడిచిందో, ఫైలు ఎంత ఉందో రెండూ నోటు పుస్తకంలో రాయండి. ఏది మేలో మీరే తేల్చండి.