‘సార్’ తీసేస్తే వసుధార మిగలదు

ఫ్యాన్ ఫిక్షన్ రాయడం తేలిక అనేవాళ్లు రిషి, వసుధారల మీద ఒక్క రెండు పేజీలు రాసి చూపించండి. పాత్రలు రెడీమేడ్, పేర్లు రెడీమేడ్, మొహాలు కూడా రెడీమేడ్, ఇంక కష్టమేముంది అంటారు. కష్టమంతా అదే. నేను పుట్టించిన మనిషి ఏం మాట్లాడినా చెల్లుతుంది. వసుధార ఒక్క మాట తేడాగా మాట్లాడితే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. 2020 డిసెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా స్టార్ మాలో ‘గుప్పెడంత మనసు’ చూసినవాళ్లకి ఆమె ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో నాకన్నా బాగా తెలుసు.

అయితే నా గొడవ మనల్ని చిన్నచూపు చూసే సాహితీపెద్దలతో కాదు. మనతోనే, రాసేవాళ్లతో.

నేను చదివినవాటిలో చాలా కథలు పెళ్లయ్యాకే మొదలవుతాయి. రెండో పేజీకల్లా వసుధార ‘ఏవండీ’ అంటుంది. నాకు కథ అక్కడితో అయిపోతుంది. పెళ్లి తప్పించుకుని చదువుకోవడానికి వచ్చిన పిల్ల అది. ఆయన కాలేజీ ఎండీ, ఈమె స్టూడెంట్. ‘సార్’ అన్న పిలుపులో మొదట ఉన్నది హోదా ఒక్కటే. తర్వాత్తర్వాత అందులోకి కోపం వచ్చింది, వెటకారం వచ్చింది, చనువొచ్చింది. మాట మారలేదు, లోపల సరుకు మారింది. ఆయనేమో ‘పొగరు’ అని పేరు పెట్టాడు, తిట్టే ముద్దుపేరయింది. నువ్వుకీ మీరుకీ మధ్య తెలుగులో ఎంత చోటుందో అంతా వాడుకున్న జంట అది. ‘ఏవండీ’తో ఆ చోటు మూసుకుపోతుంది. పోనీ ‘నువ్వు’ అనిపిస్తే, అక్కడున్నది వేరే అమ్మాయి.

ఇంకో చిక్కుంది. మార్కులూ సీటూ తన చేతిలో ఉన్న మనిషిని ప్రేమించడం మామూలు విషయం కాదు. సీరియల్ దాన్ని చాలాసార్లు పాట వేసి దాటేసింది. కాగితం మీద పాట లేదు, కెమెరా లేదు, ముఖేష్ గౌడ, రక్షా గౌడల కళ్లు లేవు. ‘సార్’ని ఉంచితే ఆ విషయం రాసి తీరాలి. అందుకే తీసేస్తున్నామేమోనని నా అనుమానం.

జగతి విషయంలోనూ ఇదే పని చేస్తున్నాం. కన్నతల్లిని ‘మేడమ్’ అని పిలిచే కొడుకు! చిన్నప్పుడు వదిలేసి వెళ్లిందన్న కోపమంతా ఆ పిలుపులో దాచుకున్నాడు. సీరియల్ ఆవిడని చంపేసినందుకు నాకూ మండింది. బతికించండి, వద్దన్నదెవరు? కానీ అర పేజీలో ‘అమ్మా’ అనిపించి, ఏడిపించి, పాయసం వండించేస్తే ఎలా? ఆ ముడి విప్పాలన్న ప్రేమతోనే కదా రాయడం మొదలుపెడతాం. విప్పేశాక మిగిలేది మంచి కొడుకు, మంచి కోడలు, మంచి అత్తగారు. వాళ్లకి రిషి అనీ వసుధార అనీ పేర్లెందుకు? దేవయాని కూడా అక్కర్లేదు.

నేనేదో సాధించేశానని కాదు. నా కథ నాలుగో భాగంలో ఆగిపోయి ఉంది. కాలేజీ లైబ్రరీలో కరెంటు పోయింది. చీకట్లో వసుధార ఆయన్ని పిలవాలి. ‘సార్’ అని రాశాను, కొట్టేశాను. ‘రిషీ’ అని రాసి సిగ్గుపడ్డాను. మళ్లీ ‘సార్’ అనే రాశాను. ఆయన ఏమని పలుకుతాడో రెండు నెలలుగా తెలియడం లేదు.