నీలి నది అందం వెనుక

నఖోన్ ఫనోమ్‌లో పొద్దు పొడిచేది లావోస్ వైపు నుంచి. మెకాంగ్ నదికి ఆవలి ఒడ్డున సున్నపురాతి కొండలు. ఈవలి ఒడ్డున భిక్షకు బయల్దేరిన బౌద్ధ సన్యాసులు, వారి పాత్రల్లో వేయడానికి జిగురు అన్నంతో వాకిట కూర్చున్న గృహిణులు. బ్యాంకాక్, పట్టాయా చూసి తిరుగుముఖం పట్టే భారతీయ పర్యాటకుల్లో ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఈ ప్రావిన్స్ దాకా వచ్చేవారు అరుదు.

పేరు మాత్రం మనకు మరీ పరాయిదేం కాదు. నఖోన్ అంటే 'నగరం', ఫనోమ్ అంటే ఖ్మేర్ భాషలో కొండ. పట్టణానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్రా థాట్ ఫనోమ్ స్తూపం పేరులోని 'థాట్' కూడా 'ధాతువే'. బుద్ధుడి వక్షస్థలపు ఎముక ఇందులో ఉందన్నది భక్తుల విశ్వాసం. 1975 ఆగస్టులో భారీ వర్షాలకు ఈ స్తూపం కుప్పకూలింది. చందాలు పోగయ్యాయి, 1979 నాటికి అది మళ్లీ లేచింది. మాఘ పౌర్ణమి వేళ జరిగే ఉత్సవానికి లావోస్ నుంచి కూడా జనం నది దాటి వస్తారు.

పట్టణానికి చేరువలోని నా చోక్ గ్రామంలో 1920ల చివర్లో హో చి మిన్ తలదాచుకున్నారు. వియత్నాం కుటుంబాలు నేటికీ ఉన్న ఆ ఊళ్లో ఆయన జ్ఞాపకార్థం ఇల్లు, తోట నిలబెట్టారు. వర్షావాసం ముగిసే ఆశ్వయుజ పౌర్ణమికి వస్తే వేల దీపాలతో నదిలో సాగే పడవలు చూడొచ్చు. చలి గిట్టుబాటయ్యేవారికి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

అయితే నది విషయంలో కాస్త ఆగి చూడాలి. 2019 చివర్లో ఇక్కడ మెకాంగ్ సముద్రంలా నీలంగా మారింది. పర్యాటకులు కెమెరాలు తీశారు. జాలరులు కలవరపడ్డారు. ఆ నీటి సహజమైన రంగు ఒండ్రు కలిసిన గోధుమ రంగు. ప్రవాహం తగ్గి, ఒండ్రు పలచబడితేనే నీలం కనిపిస్తుంది. ఒండ్రు లేకపోతే చేపలకు మేత కరువు, ఒడ్డు చేలకు సారం కరువు, పైగా గట్లు కోసుకుపోతాయి. కరవుతోపాటు ఎగువనున్న ఆనకట్టలూ ఇందుకు కారణమన్న విమర్శలు వచ్చాయి. లావోస్‌లోని సయాబురి ప్రాజెక్టు వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది ఆ ఏడాది అక్టోబర్‌లోనే. అక్కడి విద్యుత్తులో అత్యధిక భాగం కొనేది థాయ్‌లాండే కావడం ఇందులోని చిక్కు.

కూలిన స్తూపాన్ని థాయ్ ప్రజలు నాలుగేళ్లలో నిలబెట్టుకున్నారు. నదిని కాపాడడం మాత్రం ఒక్క దేశం చేతిలో లేదు.