కంప్యూటర్ తీసుకోవడం లేదా, మనకు అడగడం రాలేదా?



పోయిన నెల ఇదే గోడ పత్రికలో పదో తరగతి అక్క ఒకామె ఇట్లా రాసింది. "కంప్యూటర్ పీరియడ్‌లో పేరు అడిగే ప్రోగ్రాం, కూడికల ప్రోగ్రాం రాయించడం దండగ. అవి చిన్నపిల్లల ఆటలు. వాటితో ఉద్యోగం రాదు." అక్క అంటే నాకు గౌరవమే. కానీ ఆ మాట నేను ఒప్పుకోను. ఆ చిన్న లెక్కలే నాకు ఒక పెద్ద సంగతి నేర్పాయి. అదేమిటో రాస్తాను, చదివి మీరే చెప్పండి.

మేము నేర్చుకునే భాష పేరు పైథాన్. పైథాన్ అంటే కొండచిలువ గదా అని మేమందరం నవ్వినాం. అది పాము పేరు కాదట. నెదర్లాండ్స్ దేశంలో పుట్టిన గైడో వాన్ రాసమ్ గారు దీన్ని తయారుచేసి 1991లో మొదటిసారి బయట పెట్టారు. ఇంగ్లండు టీవీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి ఈ పేరు తీసుకున్నారని టీచరు చెప్పారు. ఇంకొక మాట. ఇన్‌పుట్, ప్రింట్, డెఫ్, రిటర్న్ లాంటి మాటలు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. ఇక్కడ గోడ మీద పలికినట్లు రాస్తున్నాను.

మొదటి లెక్క రేషన్ బియ్యం లెక్క. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం మామూలు కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డు అయితే ఎంతమంది ఉన్నా ఇంటికి 35 కిలోలు. మేము మామూలు కార్డు లెక్కే చేశాం. ఇంట్లో ఎంతమందో అడగాలి, ఎన్ని కిలోలు రావాలో చెప్పాలి. నేను రెండే లైన్లు రాశాను.

మనుషులు = ఇన్‌పుట్("ఇంట్లో ఎంతమంది? ")
ప్రింట్(మనుషులు * 5)

4 అని కొట్టాను. 20 రావాలి గదా. 44444 వచ్చింది! నలుగురికి నలభై నాలుగు వేల నాలుగు వందల నలభై నాలుగు కిలోలు. క్లాసంతా ఒకటే నవ్వు. "మీ ఇంటికి లారీ పెట్టుకొని వస్తాం" అని ఏడిపించారు.

ఎందుకట్లా వచ్చిందంటే, ఇన్‌పుట్ ఏది తెచ్చినా దాన్ని అక్షరాలుగానే తెస్తుంది. నేను కొట్టిన 4 దానికి అంకె కాదు, ఒక గుర్తు. గుర్తును 5తో గుణిస్తే అయిదుసార్లు పక్కపక్కన రాసి పెడుతుంది. దాన్ని అంకె చేయాలంటే ఇంట్ అనే ఫంక్షన్‌లో వేసి తీయాలి. ఇంట్(మనుషులు) * 5 అని మార్చాను. 20 వచ్చింది. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషం అయిదు నిమిషాలే. నా పక్కన కూర్చునే స్నేహితురాలు తెలుగు కీబోర్డు పెట్టి, "ఇంట్లో ఎంతమంది?" అన్న ప్రశ్నకు "నాలుగు" అని కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చి ప్రోగ్రాం ఆగిపోయింది. వాల్యూ ఎర్రర్. నాకు కోపం వచ్చి "తప్పు కొట్టావు" అన్నాను. ఆమె ఏమన్నదంటే, "ఎంతమంది అని అడిగావు, నాలుగు అని చెప్పాను, ఇందులో తప్పేముంది?" నా దగ్గర జవాబు లేదు. ఆమె చెప్పింది నిజమే గదా. మా అమ్మమ్మను అడిగినా నాలుగు అనే చెప్తది.

తర్వాత టీచరు ఒక వింత చూపించారు. తెలుగు అంకె ౪ కొట్టమన్నారు. ఇది కూడా ఆగిపోతుంది అనుకున్నాం. ఆగలేదు. 20 అని చెప్పింది! ఎందుకంటే పైథాన్ తయారుచేసిన వాళ్లు, మనుషులు ఎవరి లిపిలో వాళ్లు అంకెలు వేస్తారు గదా అని ముందే ఆలోచించి దానికి దారి పెట్టారు. కాబట్టి అది తీసుకుంది. "నాలుగు" అనే మాట గురించి నేను ఆలోచించలేదు. కాబట్టి అది తీసుకోలేదు. ఇక్కడ తీసుకోనిది కంప్యూటర్ కాదు, నేను.

ఈ మాట తట్టగానే నాకు రెండేళ్ల కింద జరిగిన ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మమ్మతో ఒక ఆఫీసుకు పోయాను. కాగితం కోసం పుట్టిన తేదీ అడిగారు. అమ్మమ్మ "మామిడికాయ కొత్త పండుగ అయినాక, వానలు రాకముందు" అన్నది. తేదీ చెప్పమన్నారు. తెలియదన్నది. "తేదీ, నెల లేకపోతే కంప్యూటర్ తీసుకోదు" అన్నారు. మేము కంప్యూటర్‌కు కోపం వచ్చిందేమో అన్నట్టు భయపడి నిలబడ్డాం. చివరికి వాళ్లే జనవరి 1 అని వేశారు. అమ్మమ్మ ఎండాకాలంలో పుడితే కాగితంలో చలికాలంలో పుట్టింది. దారిలో అమ్మమ్మ "నాకు చదువు రాక ఇట్లయింది బిడ్డా" అని బాధపడ్డది. అప్పుడు నేను కూడా అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు అట్లా అనుకోను. అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పింది. ఆ ప్రోగ్రాంలో "సంవత్సరం మాత్రమే తెలుసు" అనే గడి ఎవరూ పెట్టలేదు. పెట్టమంటే పెట్టవచ్చు, అది కొన్ని లైన్ల పని. మన తొమ్మిదో తరగతి రిజిస్టరు చూడండి. రికార్డు ప్రకారం మనలో చాలామందిమి జూన్ నెలలోనే పుట్టాం. బడిలో చేర్చిన నెలే పుట్టిన నెల అయింది. మన అమ్మలందరికీ జూన్‌లోనే కాన్పు అయిందా?

రెండో లెక్కలో పేరు అడగాలి. పుస్తకంలో "మొదటి పేరు కొట్టండి, చివరి పేరు కొట్టండి" అని ఉంది. మనకు మొదట వచ్చేది ఇంటిపేరు. సగం మంది ఇంటిపేరు ముందు కొట్టారు. ప్రోగ్రాం ఇంటిపేరు పెట్టి "నమస్కారం" అన్నది. ఒక పిల్ల "మా నాన్నను పిలిచినట్టుంది" అన్నది. అప్పుడు మేమే ఒక ఫంక్షన్ రాసుకున్నాం. డెఫ్ పూర్తిపేరు(ఇంటిపేరు, పేరు) అని. పైథాన్ 3 అనే రకం 2008లో వచ్చినప్పటి నుంచి ఇట్లా పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. బ్రాకెట్లో ఏ వరుసలో అడిగామో ఆ వరుసలోనే ఇవ్వాలి, తారుమారు చేస్తే పేరు తారుమారు అవుతుంది. "మొదటి పేరు" అని అడగడం మాని "ఇంటిపేరు" అని అడిగాం. ఒక్కరు కూడా తప్పు కొట్టలేదు. పిల్లలు మారలేదు, ప్రశ్న మారింది.

ఫంక్షన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొదట్లో నేను రిటర్న్ అనాల్సిన చోట ప్రింట్ అని రాసేదాన్ని. తెర మీద 20 కనబడేది, కానీ ఆ 20ని ఇంకో లెక్కలో వాడుకుందామంటే నన్ అని వచ్చేది, అంటే ఏమీ లేదని. టీచరు సంత ఉదాహరణ చెప్పారు. చెల్లెల్ని ఉప్పు తెమ్మని సంతకు పంపితే, అది దూరం నుంచి "ఉప్పు దొరికింది" అని కేకేస్తే కూరలో వేయగలమా? తెచ్చి చేతిలో పెట్టాలి. కేక ప్రింట్, చేతిలో పెట్టడం రిటర్న్. ఇది నేను మళ్లీ మరిచిపోలేదు.

ఇవన్నీ కలిపి చివరికి నేను, నా స్నేహితురాలు ఈ ఫంక్షన్ రాశాం.

డెఫ్ అడుగు(ప్రశ్న):
        వైల్ ట్రూ:
                జవాబు = ఇన్‌పుట్(ప్రశ్న)
                ఇఫ్ జవాబు == "తెలియదు":
                        రిటర్న్ నన్
                ట్రై:
                        రిటర్న్ ఇంట్(జవాబు)
                ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్:
                        ప్రింట్("అంకె వేయండి, 4 లాగా. తెలియకపోతే తెలియదు అని కొట్టండి.")

దీని అర్థం చెప్తాను. అంకె ఇస్తే తీసుకొని చేతిలో పెడుతుంది. అంకె కాకపోతే ఆగిపోదు, ఎట్లా చెప్పాలో చెప్పి మళ్లీ అడుగుతుంది. "తెలియదు" అంటే దాన్ని కూడా ఒక జవాబుగా తీసుకుంటుంది. ఇది గొప్ప ప్రోగ్రాం కాదని నాకు తెలుసు. కానీ ఇది అమ్మమ్మను తిట్టదు.

అక్క రాసిన దానికి ఇప్పుడు జవాబు చెప్తాను. ఉద్యోగం సంగతి అక్క చెప్పింది నిజమే, పేరు అడిగే ప్రోగ్రాంకు ఎవరూ జీతం ఇవ్వరు. కానీ రేపు మనలో ఎవరైనా ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చుంటే, లేదా ఆ ప్రోగ్రాం రాసే చోటికి పోతే, ఎదురుగా నిలబడిన మనిషిని ఎట్లా అడగాలో తెలిసి ఉండాలి గదా. అది ఈ చిన్న లెక్కల్లోనే నేర్చుకోవాలి. ఎప్పుడూ కుర్చీకి ఈ పక్క నిలబడినా సరే, "కంప్యూటర్ తీసుకోదు" అంటే తల వంచుకొని రాకుండా, "సార్, ఆ గడి ఎవరు పెట్టారు, మార్చమని ఎవరికి రాయాలి?" అని అడగగలం. నా వరకు అది ఉద్యోగం కంటే తక్కువ కాదు.

కొందరు తెలుగులో పేర్లు పెడితే ఇంగ్లీషు రాదంటారు. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. ఎర్ర అక్షరాలు ఇంగ్లీషులోనే వస్తాయి, చదవకపోతే తప్పు దొరకదు. ఆ ఎర్ర అక్షరాలు చదివి చదివే నాకు కొన్ని ఇంగ్లీషు మాటలు వచ్చాయి. కానీ లెక్క అర్థం కావడానికి మాత్రం "బియ్యం" అని రాసుకుంటేనే నాకు తొందరగా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. మేడమ్ గారు కోప్పడవద్దని మనవి. అడగడం రాకపోవడం కంప్యూటర్లోనే కాదు, మన హాస్టల్లో కూడా ఉంది. ఇంటికి పోయేటప్పుడు సంతకం పెట్టే అవుట్‌పాస్ పుస్తకంలో "తండ్రి సంతకం" అని ఒకటే గడి ఉంది. నాకు నాన్న లేడు. దసరా సెలవులకు అమ్మ వచ్చి వేలిముద్ర వేయబోతే ఎక్కడ వేయాలో తెలియలేదు. వార్డెన్ మేడమ్ మంచిగానే "ఇక్కడ వెయ్యమ్మా" అని పక్కనున్న ఖాళీలో వేయించారు. మేడమ్‌ను నేను ఏమీ అనడం లేదు. కానీ వెనక లైన్లో ఉన్నవాళ్లు చూస్తుంటే అమ్మ పక్కకు జరిగి, పుస్తకం అంచున వేలు పెట్టింది. మా అమ్మ ఒక్కతే కాదు, ఇట్లాంటి వాళ్లు మన హాస్టల్లో ఇంకా ఉన్నారు. "తీసుకుపోయేవారి పేరు, ఏమవుతారు, సంతకం లేదా వేలిముద్ర" అని రాస్తే చాలు. కొత్త పుస్తకానికి స్కేలుతో గీతలు గీయడానికి నేను, నా స్నేహితురాలు సిద్ధం.

ఇంకా మూడు కోరికలు ఉన్నాయి. ఒకటి, ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కు నలుగురం కూర్చుంటాం, కొట్టేది ఎప్పుడూ ఒక్కరే. పది నిమిషాలకు ఒకరు చొప్పున మారాలి. రెండు, కరెంటు లేని రోజు ప్రోగ్రాం కాగితం మీద రాసి, ఒక పిల్ల కంప్యూటర్ అయ్యి, రాసింది రాసినట్టే చేయాలి. మేము స్టడీ అవర్‌లో చేసి చూశాం, తప్పులు చాలా దొరికాయి. మూడు, అమ్మానాన్నలు చూడటానికి వచ్చే ఆదివారం మన ప్రోగ్రాంలు వాళ్లను అడగాలి. వాళ్లు చెప్పింది మనం కొడదాం. మా ఊళ్లో వడ్లు అడిగితే కిలోలు చెప్పరు, కుంచాలు చెప్తారు. కుంచానికి నాలుగు మానికలు. దానికి ఒక ఫంక్షన్ మనం రాద్దాం, వాళ్లను కిలోలు నేర్చుకొని రమ్మనవద్దు.

ఇది నా అభిప్రాయం. తప్పుంటే వచ్చే నెల పత్రికలో రాయండి, అక్క కూడా రాయాలి. అవుట్‌పాస్ పుస్తకం గురించి మాత్రం సంక్రాంతి సెలవుల లోపల జవాబు రావాలని కోరుకుంటున్నాను. అప్పుడు అమ్మ మళ్లీ వస్తుంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని