గ్లాసులో రెండు మూతలు పడాలె

పోస్ట్ కొంచెం పెద్దగుంది, ఓపికగా చదవండి.

మేము నలుగురం కోకాపేటలో ఒక రూమ్‌లో ఉంటున్నం. ఇద్దరిది ఐటీ, ఒకరిది బీఫార్మసీ, ఒకరు ఇంకా కోచింగ్‌లనే. మొన్న ఎండాకాలం మాలో ఒకరి యాడి తండా నుంచి వచ్చి పదిహేను రోజులు మాతోనే ఉంది. షుగర్ ఉంది. అంతకుముందే ఒక ఆసుపత్రిలో సిరంజి మాన్పించి ఇన్సులిన్ పెన్ను రాసిచ్చారు, సులువుగా ఉంటదని. యాడి రోజూ టైముకు పొడుచుకుంటూనే ఉంది, షుగర్ మాత్రం మూడు వందల కిందికి దిగలేదు. మేము కూడా తక్కువోళ్లం కాదు, "అన్నం తగ్గించు యాడీ" అని క్లాసులు పీకినం.

చివరికి మా ఫార్మసీ తమ్ముడు పక్కన కూర్చొని చూస్తే తెలిసింది. పెన్ను సూదికి రెండు మూతలుంటయి: పైన పెద్దది, లోపల సన్నది. యాడి పైది తీస్తోంది, లోపలిది అట్లనే ఉంచి ఒత్తుతోంది. సూది ఒంటికి తగలనే లేదు. "నొప్పి లేదు, మంచి పెన్నే" అనుకుందట పాపం.

ఇది చదువు రాకపోవడం వల్ల జరిగిన తప్పు అనుకోవద్దు. అమెరికాలోనే కొందరు ఇదే పొరపాటు చేస్తే 2017లో హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. అక్కడ ఆసుపత్రిలో వాడే సేఫ్టీ సూదికి ఆ లోపలి మూత ఉండదు, ఇంటికిచ్చే మామూలు సూదికి ఉంటది. చూపించింది ఒకటి, చేతికిచ్చింది ఇంకొకటి.

పోనీ సిరంజి సులువా అంటే అదీ కాదు. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లది, పెన్నులోది 100ది. సిరంజిలూ రెండు రకాలు: 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. పెన్ను పాడైందని దాని మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. మనిషి పడిపోతడు, ప్రాణమే పోవచ్చు. సీసా మందును నారింజ సిరంజితో లాగితే 20కి బదులు 8 యూనిట్లే. శుక్లాలొచ్చిన కండ్లకు రాత్రిపూట ఎరుపేదో నారింజేదో ఎట్ల తెలుస్తది?

పెన్ను తిప్పితే ఒక్కో యూనిట్‌కు టక్కుమని చప్పుడొస్తది. అంకెలు రానోళ్లకు ఇదే ఆధారం అనుకున్నం. కానీ కొన్ని పెన్నుల కాగితంలో, టక్కులు లెక్కపెట్టి డోస్ తీసుకోవద్దు, అంకె చూడండి అని రాసుంటది. అంకె చదవలేనోళ్ల సంగతి ఆ కాగితంలో లేదు.

ఇలాంటి పరికరాలు మనుషులు సరిగ్గా వాడగలరో లేదో చూడటానికి అమెరికా ఎఫ్‌డీఏ 2016లో మార్గదర్శకాలిచ్చింది. చివరి పరీక్షలో ఒక్కో రకం వాడకందారులు కనీసం 15 మంది ఉండాలన్నది. మా ప్రశ్న ఒక్కటే: ఆ 15 మందిలో మా యాడి లాంటి మనిషి ఉంటదా?

మేముండే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఔటర్ ఎక్కితే సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్, కందిలో ఐఐటీ, అందులో డిజైన్ విభాగం. ఇంత దగ్గర్లో ఇవన్నీ ఉన్నప్పుడు ఇంట్లో వాడే సూదుల్ని ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఏరియాల్లో మనోళ్ల చేతుల్లో పెట్టి చూడాలని అడగడం తప్పు కాదు. ఊరికే కాదు, వాళ్ల టైముకు డబ్బులిచ్చి. వాడే పద్ధతిని గోండి, కోయ, లంబాడీ భాషల్లో ఆడియో చేసి ఇవ్వాలి. మన పిల్లలు కూడా అందరూ సాఫ్ట్‌వేర్, గ్రూప్స్ అనకుండా కొందరన్నా డిజైన్, బయోమెడికల్ వైపు పోవాలె. ఆ గదిలో మనోళ్లు కూర్చుంటే తప్ప ఈ మాట అక్కడ అడిగేటోళ్లుండరు.

ఇప్పుడు యాడి ముందు ఒక స్టీల్ గ్లాసు పెట్టుకుంటది. తీసిన మూతలు అందులో వేస్తది, రెండు పడితేనే పొడుచుకుంటది. ఈ ఉపాయం ఆమెదే, మాది కాదు. మీ ఇంట్లో ఎవరన్నా పెన్ను వాడుతుంటే ఈరోజే వీడియో కాల్ చేసి ఎట్ల పొడుచుకుంటున్నరో చూపించమనండి. ఏం కనబడ్డదో కింద రాయండి.