సగం క్షణాలు ఎవరి సొమ్మని పారేస్తున్నారు?

పాత వీడియో టేపుల నుంచి యూట్యూబ్‌లోకి ఎక్కించిన కూచిపూడి తరంగాలు చూస్తుంటే కడుపు మండిపోతోంది. ఇత్తడి పళ్ళెం అంచున నిలిచిన పాదం ఒకటైతే తెర మీద రెండు కనిపిస్తాయి. లేదా కాలు కదిలిన ప్రతిసారీ దాని చుట్టూ దువ్వెన పళ్ళలా గీతలు. టేపులను డిజిటల్‌గా మార్చినవారిని అడిగితే "పాత టేపు కదండీ, అలాగే ఉంటుంది" అంటారు. అబద్ధం! టేపులో ఆ పాదం చక్కగా ఉంది. పాడుచేసింది మీరు.

మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో వీడియో కెమెరా సెకనుకు 50 సార్లు చూసేది. ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు, ఒక్కో విడతకు 288. ఆ సగం బొమ్మనే ఫీల్డ్ అంటాం. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేమ్. కానీ ఆ రెండూ ఒకే క్షణానివి కావు, మధ్యలో సెకనులో 50వ వంతు గడిచిపోయింది. ఆ వ్యవధిలో నర్తకి పాదం కదిలింది, మృదంగం మీద వేలు లేచింది. ప్రోగ్రెసివ్‌గా, అంటే ప్రతిసారీ నిండు బొమ్మ చూపే పద్ధతికి, మార్చేటప్పుడు ఒక్కో ఫీల్డునూ నిండు ఫ్రేముగా పెంచి సెకనుకు 50 ఇస్తే ఆ కదలికంతా దక్కుతుంది.

ఎవరు ఇస్తున్నారు? ఫైలు చిన్నదవుతుందని 25కు కుదించి సగం క్షణాలు పారేస్తారు. లేదా రెండు ఫీల్డులనూ కలిపి పులిమేస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ముందే 30 అని ఉంటే దాన్నీ మార్చరు. 25ను 30గా సాగదీస్తే సెకనుకు ఐదు ఫ్రేములు రెండేసి సార్లు పడి నడక కుంటుతుంది. అన్నింటికన్నా ఘోరం, ఫీల్డులు విడదీయకుండానే బొమ్మ సైజు మార్చడం. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక వాటిని సరిగ్గా విడదీయడం ఎవరి తరమూ కాదు.

సినిమా రీలు నుంచి టేపుకెక్కినదైతే లెక్క వేరు. అక్కడ రెండు ఫీల్డులూ సాధారణంగా ఒకే ఫ్రేమువి, 25 చాలు. ఆ తేడా తెలియాలంటే ఒక్క నిమిషం కళ్ళు పెట్టి చూడాలి. చూడరు!

డబ్బులేక అనుకుందామా? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డులను నిండు ఫ్రేములుగా మార్చే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఉచితం. ఇంకా మేలైన క్యూటీజీఎంసీ కూడా ఉచితమే. లేనిదల్లా పట్టింపు.

నాట్యగురువుల్లో వెంపటి చినసత్యం 2012లో వెళ్ళిపోయారు. నటరాజ రామకృష్ణ అంతకు ముందే, 2011లో. ఆ తరం అడుగుల్లో టేపులకెక్కినవి మళ్ళీ తీయగలరా? వీసీఆర్‌లు చేస్తున్న చివరి కంపెనీ ఫునాయ్ 2016లోనే ఆపేసింది. మన తేమకు క్యాసెట్లు బూజు పడుతున్నాయి. ఇలాంటప్పుడు ముక్కలైన ఫైలొకటి చేతిలో పెట్టి "డిజిటల్ అయిపోయింది, ఇక క్యాసెట్ ఎందుకు" అనే నోళ్ళకు ఏం చెప్పాలి? పెళ్ళి క్యాసెట్ తెచ్చిన తల్లికీ ఇదే మాట, కళాసంస్థ బీరువాకూ ఇదే మాట.

సంస్థల పెద్దలూ, మీరు అడిగేది ఎన్ని గంటల టేపు, గంటకు ఎంత అనే కదా? పని అప్పగించే కాగితంలో ఇంకో రెండు ముక్కలు రాయండి. టేపులో ఉన్నది ఉన్నట్టుగా, 576 గీతలతో, ఫీల్డులు కదపకుండా ఒక ప్రతి దాచాలి. చూసేందుకిచ్చే ప్రతిలో, కెమెరాతో తీసినదైతే, సెకనుకు 50 ఫ్రేములుండాలి. ఆ రెండు ముక్కలు రాయడానికి మీకు అడ్డొస్తున్నదేమిటి?